పనికి నాది, పూవుకు అందరిది

2014 అక్టోబరు 12వ తేదీ, ఆదివారము, హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకిన ఆ దినము వరకు, మా కాలనీ పార్కులో పందిరివలె కొమ్మలు చాచిన నిద్రగన్నేరు చెట్లును, వేసవి వచ్చినంతనే నిలువెల్ల ఎర్రబారెడి తురాయి చెట్లును ఉండెడివి. మరునాటి ఉదయమున తలుపులు తెరచి చూచిన మాకు, ఆ వృక్షములు వేళ్ళతో సహా పెకలింపబడి, ఒకదానిపై నొకటి ఒరిగి, ప్రహరీగోడను కూల్చి వీధికి అడ్డముగా పడియుండుట కనబడినది. విద్యుత్తు లేక, కుళాయిలో నీరు రాక, పిల్లలకు పాలు దొరకక గడచిన ఆ దినములలో సైతము ఇరుగుపొరుగువారు కలిసికొన్నప్పుడెల్ల చెట్ల ప్రసక్తి రాకుండ మాట ముగిసెడిది కాదు. ఆ నీడ ఎవరి సొత్తో, ఇంతకాలము దానిని ఎవరు కాపాడిరో అను విచారము, నీడ పోయిన పిమ్మటగాని మాలో ఎవరికిని కలుగలేదు.

తుపాను వెలిసిన కొన్ని మాసములకు మొక్కలు నాటు ఉత్సవము జరిగెను. కుర్చీలు వేసిరి, ఫొటోలు తీసికొనిరి, పిల్లలకు బిస్కెట్లు పంచిరి. ప్రతి గోతిలోను వేపయో, కానుగయో, పొన్నయో ఒక మొక్క నిలిచినది. నేనును ఒక మొక్కను నాటి, చేతులు కడిగికొని, ధర్మము నెరవేర్చినవానివలె ఇంటికి పోయితిని. రోహిణీకార్తె వచ్చునప్పటికి వానిలో పెక్కింటికి చుట్టు పెట్టిన ఇనుపకంచెలు మాత్రమే మిగిలినవి. ఎండిన మొక్కలను పెరికి చూడగా, కొన్నింటి వేళ్ళు నర్సరీవారి నల్లని ప్లాస్టిక్ సంచిలోనే చుట్టలు చుట్టుకొని యుండెను. తొందరలో సంచి చింపుట యైనను ఎవరికిని తోచలేదు. తూర్పు మూలయందలి వరుస ఒక్కటియే పచ్చగా నిలిచియుండుటకు కారణమేమని విచారింపగా, ఎదురింటిలో నివసించు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ప్రతిసాయంకాలము బక్కెట్లతో నీరు మోసికొని వచ్చి పోయుచున్నట్లు తెలిసినది. ఆయన ఏ సభలోను మాటాడినవాడు కాడు. ఏ సంఘమునకును అధ్యక్షుడు కాడు. “ఈ ఆరు మొక్కలూ నావి అనుకున్నాను నాయనా, అంతే” అని ఆయన నాతో అన్న మాటయే ఈ అధ్యాయమునకు మూలము.

అందరి సొత్తు ఎవరి సొత్తును గాకపోవుట లోకమున తరచుగా కానవచ్చునదే. మన రాజ్యాంగమునకు 1992లో చేసిన 74వ సవరణము పార్కులు, ఉద్యానములు, క్రీడాస్థలముల కల్పనను పురపాలక సంస్థల కప్పగింపదగిన విషయములలో చేర్చినది. అంతకు పూర్వమే, 1976 నాటి 42వ సవరణము ప్రకృతి పరిసరములను రక్షించుట ప్రతి పౌరునికిని ప్రాథమిక విధియని నిర్దేశించినది. రెండును గౌరవింపదగిన శాసనములే. కాని ‘పురపాలక సంస్థ’ అను మాటయందు గాని, ‘ప్రతి పౌరుడు’ అను మాటయందు గాని, చేత చెంబు పట్టుకొని మొక్క చెంత నిలిచిన మనిషి కానరాడు. ఆ రెండు మాటల నడుమ నున్న ఖాళీలోనే మొక్క ఎండిపోవును. ఆ ఖాళీని పూరింపగలవాడు, ‘ఇంత మేరకు నాది’ అని తనకు తానై గీత గీసికొన్నవాడే.

అయితే ‘నాది’ అను మాటతోపాటు మమకారమును, మమకారము వెంట అధికారమును మెల్లగా ప్రవేశించును. నీరు పోసిన చేయియే తరువాత వచ్చువారిని అదలించుటకు లేచును. కావున పార్కులో స్వచ్ఛందముగా పనిచేయబూనిన వారందరును ఈ ఒక్క సూత్రమును గుర్తుంచుకొందురు గాక: పనికి నాది, పూవుకు అందరిది. ఈ వాక్యములోని రెండు సగములను సమముగా పట్టుకొనగలిగిన నాడు తోట పెరుగును, దానితోపాటు మనమును పెరుగుదుము.

మడిని ఎంచుకొనుట

పార్కు నంతటిని బాగుచేయుదమని ఆరంభించినవారు నెల తిరుగకుండ అలసిపోవుట నేను పలుమార్లు చూచితిని. కావున మొదట ఒక్క మడిని మాత్రము కోరుకొనవలెను. ఆరడుగుల పొడవును, నాలుగడుగుల వెడల్పును ఉన్న మడి ఒక మనిషికి చాలును. రెండు ప్రక్కలనుండి చేయి చాచినచో నడిమి మొక్క అందవలెను. లోపల కాలు పెట్టి మట్టిని తొక్కవలసిన అవసరము కలుగరాదు. తొక్కిన మట్టి గట్టిపడును, గట్టిపడిన మట్టిలోనికి నీరును గాలియు చొరవు. కుళాయికి దగ్గరగా నున్న మడి లభించిన మరింత మేలు. ఏలయన తొలినాటి ఉత్సాహమునకు దూరము లెక్కలేకున్నను, మే నెల సాయంకాలమున బక్కెట్టు మోయు భుజమునకు ప్రతి అడుగును లెక్కయే.

పని ఆరంభించుటకు పూర్వము కాలనీ సంఘము వారితోను, పురపాలక ఉద్యాన విభాగమువారితోను చెప్పి అనుమతి పొందవలెను. పెద్ద చెట్ల జోలికి స్వయముగా పోరాదు. ఉమ్మడి రాష్ట్రమున 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అనుమతి లేక చెట్టును కొట్టుట నేరము. అడుగుట చిన్నతనమని భావింపవలదు. అడిగి చేసిన పనికి ఆటంకములు తక్కువ.

మొదటి నెల: చూపును, కలుపును

క్రొత్తగా వచ్చినవారికి ఏదో ఒకటి నాటవలెనను ఆత్రము సహజము. దానిని ఒక నెల అణచుకొని, మడిలో ఉన్నదానిని చూచుట నేర్చుకొనుడు. ఏ వేళ ఎండ ఎక్కడ పడుచున్నది, వాన నీరు ఎటు పారుచున్నది, సముద్రపు గాలి ఏ మొక్క ఆకుల కొసలను మాడ్చుచున్నది అనునవి చూడనివాడు నాటిన మొక్క అదృష్టముపై ఆధారపడి బ్రతుకవలసినదే. సముద్రతీరపు ఉప్పుగాలికి పొన్న, కానుగ, గన్నేరు ఓర్చుకొనునంతగా గులాబీ ఓర్చుకొనలేదు. ఈ సంగతి పుస్తకములో చదివిన నాటికంటె, పొరుగు మడిలో గులాబీ వాడిపోవుట చూచిన నాడు బాగుగా మనసునకు పట్టినది.

చూచుచున్న చేతికి కలుపుతీతకంటె తగిన పని లేదు. అందులోను తుంగ మనకు గొప్ప పాఠము చెప్పును. ఆకు పట్టుకొని లాగినచో ఆకు సులభముగా చేతికి వచ్చును, మడి శుభ్రమైనట్లు కనబడును. పది దినములు గడచునప్పటికి అదే చోట మరల పచ్చని మొలక నిలుచును. ఒకనాడు వాన వెలిసిన పిమ్మట గునపముతో జానెడు లోతు త్రవ్వి చూచితిని. సన్నని గోధుమరంగు దారమువంటి వేరునకు నల్లని గడ్డ, ఆ గడ్డనుండి మరియొక దారము, దానికి మరియొక గడ్డ, ఈ విధముగా పూసలు గ్రుచ్చినట్లు మడి ఈ కొసనుండి ఆ కొసవరకు సాగియుండెను. పై ఆకులను పీకుట అను పనిని నేను మూడు వారములు ఎంతో శ్రద్ధగా చేసియుంటిని! నాటినుండి, మట్టి మెత్తగా నున్నప్పుడు గడ్డతో సహా తీయుటయే పద్ధతియైనది. కోపమును, సోమరితనమును, వాయిదా వేయు అలవాటును మాన్పుకొనగోరువారు ఈ పనిని ఒక్కమారు చేసి చూడవలెను. పైకి కనబడు ఆకెంత, క్రింద నున్న గడ్డ యెంత యను ప్రశ్న చేతివ్రేళ్ళకే అర్థమగును.

వయ్యారిభామ విషయమున మాత్రము జాగ్రత్త వలయును. క్యారెట్టు ఆకువంటి ఆకులును, తెల్లని చిన్న పూలును గల ఆ మొక్క తగిలినచో కొందరి చర్మమున దద్దురులు లేచును. ఒక్క మొక్క వేలకొలది విత్తనములను రాల్చును. కనుక చేతితొడుగులు ధరించి, పూత రాకమునుపే వేళ్ళతో పెరికివేయవలెను.

నీరు పోయుట

కాళిదాసు శకుంతలను మనకు మొట్టమొదట చూపునది సింహాసనము చెంత గాదు. ఆశ్రమవృక్షములకు సఖులతో కలిసి నీరు పోయుచున్న తావున. అంతటి మహాకవి దృష్టికి యోగ్యమైన ఆ పనిని నేను పైపై చిలకరించుటగా భావించి కొన్ని వారములు చేసితిని. ప్రతిదినము ఉదయమున గొట్టము పట్టుకొని మట్టి నల్లబడువరకు తడిపి, తృప్తితో వెడలిపోవుచుంటిని. మందారపు ఆకులు మధ్యాహ్నమునకే వ్రేలాడుచుండెను.

పార్కులో జీతమునకు పనిచేయు తోటమాలి ఒకడు కలడు. అతడు నా తంతును కొన్ని దినములు మాటాడక చూచి, ఒకనాడు దగ్గరకు వచ్చి, తడిసిన మట్టిలో చూపుడువ్రేలిని రెండవ కణుపు వరకు గ్రుచ్చి పైకి తీసి నాకు చూపెను. వ్రేలి మొదట బురదయు, కొసన పొడిదుమ్మును అంటియుండెను. “పైన తడిస్తే సరిపోద్దా బాబూ? వేరు తడవాల” అనెను. ఆ వ్రేలు చెప్పిన పాఠమును నేనెన్నడును మరువలేదు. పిమ్మట అతడే మొక్కకు పాదు చేయు విధమును నేర్పెను: మొదలు చుట్టు మట్టిని కొంచెము ఎగదోసి, కొమ్మల నీడ పడునంత మేర గుండ్రముగా పల్లము చేసి, అంచున గట్టు కట్టవలెను; నీరు కాండమును అంటి నిలువక, వేళ్ళు చాచుకొన్న చోట ఇంకవలెను. ప్రతిదినము ఒక చెంబెడు పోయుటకంటె, వేసవిలో వారమునకు రెండు మూడు మారులు పాదు నిండ పోయుట మేలు. అప్పుడు వేరు నీటిని వెదకుకొనుచు లోతునకు దిగును. ప్రతిదినము పైననే దొరకు చెంబెడు నీటికి అలవాటుపడిన వేరు పైననే తిరుగాడి, నీరు తప్పిన ఒక్క వారమునకే ప్రాణము విడుచును.

ఇచ్చట ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. స్వచ్ఛందసేవకుడు తోటమాలికి యజమాని కాడు, పోటీదారుడు కాడు. మనము గంటసేపు చేసి ఆనందించు పనిని అతడు ఎండలో దినమంతయు చేసి కుటుంబమును పోషించుకొనుచున్నాడు. మనము తీసిన కలుపును దారిలో పడవేసి పోయినచో అతని పని పెరుగును. మనము వాడిన పార కడుగక వదలినచో అతని పారకే తుప్పు పట్టును. పనిముట్లను కడిగి అప్పగించుట, అతని వద్ద నేర్చిన సంగతిని నలుగురిలో అతని పేరుతోనే చెప్పుట, అతని జీతము ఆలస్యమైనప్పుడు సంఘములో అతని పక్షమున మాటాడుట, ఇవియు తోటపనిలోని భాగములే.

ఆకును, కత్తెరయు

రాలిన ఆకులను కుప్పవేసి నిప్పంటించుట మన వీధులలో ఇంకను ఆచారమై యున్నది. ఆ పొగ పసిపిల్లల ఊపిరితిత్తులకు కీడు చేయుటయే గాక, మట్టికి తిరిగి చేరవలసిన సారమును గాలిపాలు చేయుచున్నది. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తుగల ఒక గూటిని ఇటుకల నడుమ సందులు విడిచి కట్టుకొనుడు. ఎండుటాకు మూడు పాళ్ళు, పచ్చిరొట్టయో కూరగాయల తొక్కలో ఒక పాలు వంతున పొరలు పొరలుగా పరచి, నడుమ నడుమ పేడనీళ్ళును, పిడికెడు పాత మట్టిని చల్లవలెను. పిడికిట పట్టి పిండినప్పుడు చేయి తడియై, నీటిచుక్క రాలకుండునంత చెమ్మ ఉండవలెను. పదునైదు దినముల కొకమారు తిరుగవేయుచున్నచో మూడు నాలుగు నెలలకు ఆకు ఆకారము పోయి, తొలకరినాటి నేలవాసనతో నల్లని ఎరువు సిద్ధమగును. దుర్వాసన వచ్చినచో తడి మిక్కుటమైనదని గ్రహించి ఎండుటాకు కలుపవలెను. ఆ ఎరువును పాదులో వేసి, పైన రెండంగుళముల మందమున ఎండుటాకు పరచినచో, వేసవిలో నీటి ఖర్చు ఎంత తగ్గునో మీరే కనుగొందురు.

కత్తెర పట్టుటకు మాత్రము తొందరపడరాదు. ఏ మొక్కను ఎప్పుడు కత్తిరింపవలెనో తెలియక కోసిన కొమ్మ తిరిగి అతుకదు. మల్లెకు మార్గశిర పుష్యములలో నీరు తగ్గించి, కొమ్మలను కత్తిరించి, ఆకు దూసి, పిమ్మట ఎరువు వేసి నీరు పెట్టిననే ఫాల్గుణము నాటికి మొగ్గ తొడుగును. మొదటిసారి మేము మల్లెపొదను ఆ విధముగా కోసినప్పుడు, పచ్చని పొదను మోడు చేసితిరని దారిన పోవువారు మమ్ము మందలించిరి. మార్చి నెలలో సాయంకాలము పార్కు గేటు వద్దకే పరిమళము వచ్చినప్పుడుగాని వారికి సమాధానము దొరకలేదు. చేసిన పని సరియైనదని తెలిసియు, ఫలము కనబడు వరకు మాట పడుట అభ్యసింపదగిన గుణము.

చీడపట్టినప్పుడు మందులడబ్బా కొరకు పరుగెత్తుట తగదు. పిల్లలు ఆడుకొను చోటది. మందారమునకు పిండినల్లి పట్టినచో, మిక్కిలిగా పట్టిన కొసలను త్రుంచి నాశనము చేసి, మిగిలినదానిని నీటిధారతో కడిగి, లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనెను, కొంచెము సబ్బునీటిని కలిపి సాయంకాలము చల్లిన చాలును. నక్షత్రగతులను గణించిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకును ఒక అధ్యాయము కేటాయించినాడు. ఆకాశమును చదివిన దృష్టికి ఆకుమీది తెగులు అల్పవిషయముగా తోపలేదు.

పూలు కోయువారు

ఇపుడు సూత్రములోని రెండవ సగమునకు వత్తము. నా మడిలోని నందివర్ధనము విరగబూయుట ఆరంభించిన తరువాత, తెల్లవారుజామున ఒక వృద్ధురాలు, చేత ప్లాస్టిక్ సంచియు, కొసన కొక్కెము కట్టిన కర్రయు పట్టుకొని వచ్చి, మొగ్గలతో సహా కోసికొని పోవుచుండెను. నేను వచ్చుసరికి చెట్టున ఆకులు మాత్రమే ఉండెడివి. నాకు కోపము వచ్చినది. ‘పూలు కోసినవారికి జరిమానా’ అని, నాకు లేని అధికారముతో ఒక బోర్డు వ్రాసి పెట్టితిని. మరునాడు బోర్డు బోర్లపడియుండెను. పూలు మామూలుగానే పోయియుండెను. అంతట కాచియుండి, “మామ్మగారూ, ఇది మీ పెరడు కాదండీ” అని గట్టిగా అంటిని. “దేవుడి పూలకి నీ అనుమతి కావాలా బాబూ?” అని ఆమె సంచి సర్దుకొని పోయెను. ఆ వాక్యము నన్ను బాధించినది; నా వాక్యము ఆమెను అంతకంటె బాధించియుండవలెను.

ఈ వృత్తాంతమును విని ఉపాధ్యాయుడు, “కోసే చెయ్యీ, నీళ్ళు పోసే చెయ్యీ ఒకటే కదా నాయనా. ఆవిడని ఎప్పుడైనా నీళ్ళు పొయ్యమని అడిగావా?” అనెను. నేను అడుగలేదు. అడుగవలెనని తోచనే లేదు. మరుసటి వారము నర్సరీనుండి ఒక పారిజాతపు మొక్కను తెచ్చి, ఆమె ఇంటికి పోయి క్షమాపణ చెప్పి, దీనిని ఎక్కడ నాటిన బాగుండునో వచ్చి చూపుమని ప్రార్థించితిని. ఆమె నన్ను కొంతసేపు పరీక్షగా చూచి, చెప్పులు తొడిగికొని వచ్చి, బల్లకు ప్రక్కగా చోటు చూపినది. “పారిజాతం చెట్టుమీంచి కొయ్యకూడదు బాబూ, రాలినవే దేవుడికి పెట్టాలి” అని ఆమెయే నాకు చెప్పినది. రెండవ సంవత్సరపు శరత్తునకు అది పూచినది. రాత్రివేళ ఆమె చెట్టు క్రింద పాత చీరముక్క పరచి పోవును. తెల్లవారునప్పటికి నారింజరంగు కాడల తెల్లని పూలు దానినిండ రాలియుండును. నందివర్ధనమునుండి నేటికిని దోసెడు పూలు కోయును. మొగ్గలు మాత్రము విడుచును. ఇతరులు మొగ్గలు త్రుంచినచో వారిని మందలించునదియు ఆమెయే. నా బోర్డు చేయలేని పనిని ఒక ఆహ్వానము చేసినది.

నియమము

ఇంతవరకు చెప్పినవన్నియు తెలిసియు తోటలు ఎండుటకు కారణము నియమలోపమే. కావున వారమునకు ఒక దినమును, ఒక గంటను నిర్ణయించుకొని, ఆ గంటకు మించి చేయకుండుటను గూడ నియమముగా పెట్టుకొనుడు. మొదటి ఆదివారము నాలుగు గంటలు చెమటోడ్చినవాడు రెండవ ఆదివారము రాడు. గంటకే లేచిపోయినవాడు మిగిలిన పనిని తలచుకొనుచు మరల వచ్చును. ఊరికి పోవలసివచ్చినప్పుడు మీ మడిని మరియొకరికి నోటిమాటగా గాక, చూపి అప్పగింపుడు. మృగశిర కార్తె వానలు నిలకడగా పడినప్పుడు నాటుట, ఆశ్వయుజమునకు ముందుగా, తుపానుల ఋతువు సమీపించుచుండగా, లేతచెట్లకు ఊతకర్రలు సరిచూచుట అనువానిని ఏటేట తప్పక పాటింపుడు. ఊతకర్రకు చెట్టును బిగించి కట్టరాదు. మెత్తని త్రాటితో, గాలికి కొంచెము ఊగునట్లు వదులుగా కట్టవలెను. ఊగిన కాండమే బలియును. పిల్లలను పెంచువారికి ఇంతకంటె వివరించి చెప్పనక్కరలేదు.

ఈ వారమే ఆరంభింపగోరువారు ఈ అయిదింటిని చేయుదురు గాక:

1. మీ వీధిలోని పార్కునకు పోయి, పావుగంట ఊరక కూర్చుండి, ఎవరును చూడని ఒక మూలను గుర్తింపుడు.
2. అచ్చటి తోటమాలిని పలుకరించి, ఏ మొక్కకు ఏమి కొరతయో అడిగి తెలిసికొనుడు.
3. అనుమతి పొంది, ఒక్క మడిని మాత్రము కోరుకొనుడు.
4. ఏ దినము, ఏ గంట వచ్చెదరో ఇంటివారితో చెప్పి, గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకొనుడు.
5. మొదటి పూవు పూచిన నాడు దానిని కోయక, దారిన పోవువారొకరికి చూపుడు.

ఇటీవల ఒక సాయంకాలము నేను రెండు బక్కెట్లతో నీరు మోసికొని తూర్పు మూలకు పోయితిని. అచ్చట క్రొత్తగా నాటిన వేపమొక్క ఒకటి కలదు. ఉపాధ్యాయునికి మోకాళ్ళ నొప్పులచేత బరువు మోయుట మానవలసివచ్చినది. పొన్నచెట్టు క్రింద బల్లమీద కూర్చుండియుండెను. ఇప్పుడు ఆ మూల యంతయు గుబురుగా పెరిగి, కొమ్మలు కొమ్మలతో కలిసి, ఒక్కటే నీడయై పరచుకొన్నది. “మీ ఆరు చెట్లూ ఏవేవండీ మాస్టారూ?” అని అడిగితిని. ఆయన తల యెత్తి ఆకులను చాలసేపు వెదకిచూచి, “ఏమో నాయనా, కలిసిపోయాయి. ఇప్పుడు గుర్తుపట్టలేను” అని, నా చేతిలోని బక్కెట్టువైపు తిరిగి, “నెమ్మదిగా పొయ్యి. మట్టి తాగనీ” అనెను.